ముల్లు చూపిన ఒక కేజీ

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగంలో చేరిన రెండు మూడేళ్లకే నాకు మనుషుల మీద నమ్మకం తగ్గిపోయింది. పిల్లలు రికార్డుల్లో రాసుకొచ్చే రీడింగులు ఇంజను దగ్గర నిలబడి తీసినవో, హాస్టల్ గదిలో కూర్చుని వండినవో పేజీ తిప్పగానే తెలిసిపోయేది. నిజమైన రీడింగులు కాస్త అటూ ఇటూ తూలుతూ ఉంటాయి. వండినవి గ్రాఫు మీద దారం పట్టినట్టు వరసగా కూర్చుంటాయి. వాటిని పట్టుకోవడంలో నాకు గర్వం కూడా ఉండేది. ఆ గుణం మెల్లగా ఇంట్లోకీ వచ్చింది. పాలవాడి కొలత, గ్యాస్ బండ బరువు, మా ఆయన ఇంటికి రావడం ఆలస్యమైన రోజు చెప్పే కారణం, అన్నిటినీ అదే కళ్లతో చూసేదాన్ని.

మా ఆయన ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాణ సంస్థలో ప్రొడక్షన్ మేనేజరు. మేము వెంగళరావు నగర్‌లో అద్దెకుండేవాళ్లం. ఆయన పొద్దున్నే స్కూటర్ మీద కొండెక్కి వెళితే, నేను బస్సులో కాలేజీకి వెళ్లేదాన్ని. సినిమా వాళ్ల వ్యవహారాలు మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చేవి కావు. తొంభైల మొదట్లో ఒక వేసవిలో మాత్రం వచ్చాయి. వాటిని తెచ్చింది ఒక కారు.

ఆ సంస్థ నిర్మాత కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి. మద్రాసులో ఎవరో విదేశీ ఉద్యోగి దేశం వదిలి వెళ్తూ అమ్మిన జపాన్ కారు కొన్నారు. తెల్లది, వెనక మూత మీద టర్బో అని వంకర అక్షరాలతో రాసి ఉండేది. తన కొత్త సినిమాలో హీరో ఆ కారులో జూబ్లీహిల్స్ రాళ్ల మధ్య దూసుకుపోయే ఛేజింగు ఒకటి అనుకున్నారు. అప్పట్లో చెక్‌పోస్టు దాటితే రోడ్లు ఖాళీగా ఉండేవి. రెండు వైపులా బండరాళ్లు, అక్కడక్కడా ప్లాట్ల సరిహద్దు రాళ్లు, దూరంగా ఎవరో ఇంటి పునాది కోసం బండ పగలగొడుతున్న చప్పుడు. కారుతో విన్యాసాలు చెయ్యడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

కారు బాగోగులు చూసేది ఫిల్మ్ నగర్ దిగువన రేకుల షెడ్డు పెట్టుకున్న ఒక మెకానిక్. నల్గొండ వైపు మనిషి, యాభై దాటిన వయసు. అందరూ ఉస్తాద్ అనే పిలిచేవాళ్లు. షూటింగులకు వచ్చే జీపులు, వ్యాన్లు అన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. కారు నడిపేది ఒక ఫైటరు. హీరో బదులు ప్రమాదకరమైన షాట్లలో కూర్చునేవాడు. ముప్పై ఏళ్లుంటాయి, నెల్లూరు వాడు, మద్రాసులో పనిచేసి వచ్చాడు.

ఒక రోజు మా ఆయన భోజనం దగ్గర కూర్చుని, ప్రొడ్యూసర్ గారు నిన్నొకసారి ఆఫీసుకు రమ్మంటున్నారు అన్నాడు. ఎందుకని అడిగితే, ఉస్తాద్ మీద ఆయనకు అనుమానంగా ఉందట, ఇంజన్లు తెలిసిన మనిషి, బయటి మనిషి కావాలట. చెబుతున్నంతసేపూ మా ఆయన పళ్లెంలోకే చూశాడు. చివర్లో ఇంకో మాట కూడా అన్నాడు. "మరీ లోతుగా వెళ్లక్కర్లేదు. చూసీ చూడనట్టు చూసి, బాగానే ఉందని చెప్పెయ్." ఆ మాట నాకు నచ్చలేదు.

నిర్మాత ఆఫీసులో నాకు సంగతి తెలిసింది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆ కారులో టర్బో ఒత్తిడి అర కేజీ. ఇంజను వదిలే పొగతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది, ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి బయటి గాలిని ఇంజనులోకి బలవంతంగా నెడుతుంది. ఆ నెట్టే ఒత్తిడిని చూపించడానికి స్టీరింగు పక్కన ఒక ముల్లు ఉంటుంది. మెకానిక్కుల లెక్కలో ఒత్తిడి కేజీల్లోనే. దర్శకుడికి, నిర్మాతకు ఆ ముల్లు ఒక కేజీ దాకా వెళ్లాలని పట్టుదల. ఉస్తాద్ పని చేశాడు, ముల్లు ఒకటి మీదికి వెళ్లింది. కానీ కారు మాత్రం ముందున్నట్టే ఉందని నిర్మాత అనుమానం. తన కారులోని అసలు టర్బోను ఊడదీసి ఎక్కడో అమ్మేసి, పాత సామాను బిగించాడేమోనని ఆయన నాతో గొంతు తగ్గించి అన్నారు.

"కారు పుస్తకంలో అర కేజీకి నూట ఇరవై గుర్రాల శక్తి అని రాసి ఉందమ్మా. కేజీ అయితే రెండొందల నలభై రావాలి కదా."

అలా రాదని చెప్పాను. ఆయన బల్ల మీదున్న కాల్‌షీటు వెనక్కి తిప్పి లెక్క వేసి చూపించాను. టర్బో లేని ఇంజనుకు కూడా గాలి అందుతూనే ఉంటుంది. మన నెత్తి మీదున్న గాలే సుమారు ఒక కేజీ ఒత్తిడితో అన్నిటినీ నొక్కుతూ ఉంటుంది. ముల్లు సున్నా దగ్గరున్నప్పుడు కూడా ఇంజనులోకి ఆ ఒక కేజీ గాలి వెళుతున్నట్టే. అందుకని ముల్లు అర చూపిస్తే మొత్తం ఒకటిన్నర. ముల్లు ఒకటి చూపిస్తే మొత్తం రెండు. ఒకటిన్నర కాస్తా రెండయితే పెరిగింది మూడో వంతు. నూట ఇరవై గుర్రాలు నూట అరవై అవుతాయి, అదీ కాగితం మీద. సైకిలు పంపు నాలుగుసార్లు కొట్టి అడుగున చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పల్చబడుతుంది, ఒత్తిడి ఎంతున్నా లోపలికి వెళ్లే సరుకు తగ్గుతుంది. ఆ లెక్కన నూట యాభై దాటితే గొప్ప.

ఆయన మొహం కాస్త చిన్నబోయింది. తరవాత తేరుకుని, ఆ నూట యాభై అయినా వస్తోందో లేదో తేల్చండి, నాకు కావలసింది అదే అన్నారు.

అంత వివరంగా చెప్పినదాన్ని, ఆ ఒత్తిడికి ఇంజను తట్టుకుంటుందా అన్న మాట మాత్రం ఎత్తలేదు. ఆయన అడిగింది దొంగతనం గురించి. నా బుర్ర కూడా దొంగ చుట్టూనే తిరుగుతోంది.

తరవాతి ఆదివారం పొద్దున ఎండ ముదరకముందే చెక్‌పోస్టు అవతల సమంగా ఉన్న రోడ్డు దగ్గరికి అందరం చేరాం. నా పని ఫైటరు వల్ల సులువైంది. ప్రతి కారునూ నలభై నుంచి ఎనభై కిలోమీటర్ల వేగానికి మూడో గేరులో ఎన్ని సెకన్లలో వెళుతుందో కొలిచి, అతను ఒక చిన్న డైరీలో రాసుకునేవాడు. కెమెరా ఎక్కడ పెట్టాలో, తను ఎక్కడ మలుపు తిప్పాలో ఆ అంకెను బట్టే అనుకునేవాడట. ఈ కారు కొన్న కొత్తలో, అర కేజీ మీద, ఆరు సెకన్ల మీద రెండు పదో వంతులు అని రాసి ఉంది. లెక్క ప్రకారం ఒక కేజీ నిజంగా ఉంటే ఇప్పుడు అది ఐదు దగ్గరికి రావాలి.

కాలేజీ ఆటల విభాగం నుంచి తెచ్చిన స్టాప్‌వాచ్ పట్టుకుని నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఐదుసార్లు పరిగెత్తించాడు. ఐదుసార్లూ ముల్లు ఒకటి మీదికి వెళ్లి నిలబడింది. టైము మాత్రం ఐదూ ఎనిమిది, ఐదూ తొమ్మిది, ఐదూ ఏడు, మళ్లీ ఐదూ ఎనిమిది, ఐదూ ఎనిమిది. అంకెలు కొంచెం తూలాయి కాబట్టి నా చేతి మీద నాకు నమ్మకం కలిగింది. ఒడిలో కాగితం పెట్టుకుని లెక్క వేశాను. కారు పుంజుకున్నది ఏడు శాతం. మొత్తం ఒత్తిడి ఒకటిన్నర నుంచి ఒకటీ పాయింట్ ఆరుకు వెళ్తే వచ్చే లాభం అంత. అంటే ముల్లు పాయింట్ ఆరు దగ్గర ఆగాలి. ఒకటి దగ్గర ఆగుతోంది.

ఆ గంటసేపూ ఉస్తాద్ చేసిన ప్రతి పనీ నాకు తప్పుగానే కనిపించింది. బానెట్ ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఆగిన ప్రతిసారీ గుడ్డ పట్టుకుని వచ్చి తనే తుడిచాడు. ఫైటరు పక్కకు వెళ్లి రెండు మాటలు గుసగుసగా మాట్లాడి వచ్చాడు. నేను చూస్తుంటే ఇద్దరూ ఆపేశారు. అంతలో డాష్‌బోర్డు మీద ఇంకో విషయం చూశాను. ముల్లు వెనక ఎర్రటి అంకెలు పెద్దవిగా, కొత్తగా ఉన్నాయి. అద్దం తీసి ఉంటే గోరుతో గీరి చూసేదాన్ని. ఇవి కంపెనీ అంకెలేనా అని ఉస్తాద్‌ని అడిగాను. క్లోజప్ షాటులో కనబడటానికి ఆర్ట్ డిపార్ట్‌మెంటులో పెయింటరు చేత రాయించారని మా ఆయన జవాబిచ్చాడు. ఉస్తాద్‌ని అడిగితే మా ఆయన ఎందుకు చెప్పాలి? ఇంటికి వెళ్లేదాకా ఆ ప్రశ్న స్కూటరు వెనక సీటు మీద నాతోనే ఉంది.

మర్నాడు కాలేజీ ల్యాబులోని ప్రెషర్ గేజీని బరువులు పెట్టి సరిచూసుకుని, ఒక రబ్బరు గొట్టం, గొట్టాన్ని రెండు దారులుగా చీల్చే ఒక టీ జాయింటు సంచిలో వేసుకున్నాను. రెండో రోజు సాయంత్రం ఎవరికీ చెప్పకుండా నేరుగా షెడ్డుకు వెళ్లాను. ఫైటరు అక్కడే ఉన్నాడు. ఉస్తాద్ నా చేతిలోని గేజీని కాసేపు చూసి, వేళ్లకంటిన గ్రీజు తుడుచుకున్నాడు.

"గిది జరూరా అమ్మా?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా మనసులో తీర్పు అయిపోయింది. జరూరే అన్నాను. ఆయన గొట్టం ఎక్కడ కలపాలో తనే చూపించి, తనే బిగించి ఇచ్చాడు. అది కూడా నాటకమే అనుకున్నాను. ఫిల్మ్ నగర్ ఎగువ రోడ్డు మీద ఒకసారి పూర్తిగా తొక్కించాను. డాష్‌బోర్డు ముల్లు ఒకటి మీద, నా ఒళ్లో గేజీ పాయింట్ ఆరు మీద నిలబడ్డాయి. అంకెల పలకనే మార్చారు. సున్నా సున్నా దగ్గరే ఉంది, కానీ పాయింట్ ఆరు ఉండాల్సిన చోట ఒకటి రాశారు.

కారు దిగుతుంటే ఉస్తాద్ దగ్గరికి వచ్చాడు. "జర నా మాట ఇనుండ్రి అమ్మా. గీ ఎండలు పోయేదాంక..." అని మొదలుపెట్టాడు.

"చెప్పేదేమైనా ఉంటే ప్రొడ్యూసర్ గారికే చెప్పుకోండి" అన్నాను. పిల్లల రికార్డు కొట్టేసేటప్పుడు వాడే గొంతుతోనే అన్నాను. ఆయన వంగి నా గొట్టం ఊడదీసి చేతికిచ్చాడు.

ఆ రాత్రి ఒక తెల్ల కాగితం మీద మూడు వాక్యాలు రాశాను. ముల్లు చూపే ఒత్తిడి తప్పు. అసలు ఒత్తిడి పాయింట్ ఆరు కేజీలు. అంకెల పలక మార్చబడింది. షెడ్డులో గొట్టం బిగిస్తున్నప్పుడు టర్బో మీద చెక్కి ఉన్న నంబరు రాసుకున్నాను. అది కారు కాగితాల్లోని నంబరుతో సరిపోయిందని కూడా నాకప్పటికి తెలుసు. అంటే ఉస్తాద్ ఏమీ దొంగిలించలేదు. దాన్ని నాలుగో వాక్యంగా రాయాల్సింది. అడిగినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఎవరూ అడగలేదు.

మా ఆయన కాగితం చదివి, ఇంత నిక్కచ్చిగా రాయాలా అన్నాడు. ఇందులో మీకేమైనా భాగం ఉందా అని నేను అడిగాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, లైటార్పేశాడు. రెండు రోజులు మా మధ్య కూర, పప్పు అన్న మాటలు తప్ప లేవు.

ఉస్తాద్‌ని పంపేశారు. దొంగ అన్న మాట ఫిల్మ్ నగర్‌లో ప్రొడక్షన్ ఆఫీసుల మీదుగా గాలిలా పాకింది. నగరం లోపలి నుంచి వేరే మెకానిక్‌ని పిలిపించారు. మెరిసే పనిముట్ల పెట్టె, ఇస్త్రీ చొక్కా. టర్బో చక్రం మరీ వేగంగా తిరిగితే పొగను పక్కకు వదిలేసే చిన్న తలుపు ఒకటి ఉంటుంది. ముల్లు వెనక పాత పలకే మళ్లీ పెట్టి, ఆ తలుపు ఆలస్యంగా తెరుచుకునేలా సర్దాడు, ఒత్తిడి పెరిగింది. నన్ను మళ్లీ పిలిచారు. ఈసారి నా గేజీ కూడా ఒకటి చూపించింది. స్టాప్‌వాచ్ నాలుగూ తొమ్మిది దగ్గర ఆగింది. నేను చెప్పిన లెక్క అచ్చంగా రోడ్డు మీద నిజమైంది. నిర్మాత రోడ్డు పక్కనే నిలబడి చప్పట్లు కొట్టారు. నేను సంతకం పెట్టాను.

ఆ సంతకానికి ముందు, మూడో పరుగులో ఒక చప్పుడు విన్నాను. తాలింపులో ఆవాలు చిట్లినట్టు, సన్నగా, ఒక్క క్షణం. అదేమిటో నాకు తెలుసు. సిలిండరులో నిప్పురవ్వ పుట్టకముందో, మంట పూర్తిగా పాకకముందో, నొక్కుడుకు వేడెక్కిన మిశ్రమం తనంతట తనే అంటుకుంటే వచ్చే చప్పుడు అది. పెట్రోలు నాసిరకమైతే, గాలి వేడిగా ఉంటే, ఒత్తిడి ఎక్కువైతే వస్తుంది. ప్రతి ఏడాదీ పరీక్షలో అడిగే ప్రశ్న. కొత్త మెకానిక్‌ని అడిగితే వాల్వుల శబ్దం మేడం, సర్దుకుంటుంది అన్నాడు. ఫైటరు మాత్రం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. అక్కడున్న వాళ్లందరి మీదా అనుమానపడ్డదాన్ని, సరిగ్గా అనుమానపడాల్సిన చోట ఊరుకున్నాను. నా అంకె నెగ్గింది కదా.

ఆ శనివారం కాలేజీ లేదు. షాటు చూడటానికి నేనూ వెళ్లాను. పదకొండు గంటలకే బండలు పొయ్యిలా కాలుతున్నాయి. ఏటవాలు రోడ్డు మీద కారు కింది నుంచి పైకి రావాలి, మలుపు దగ్గర కెమెరా. రిహార్సల్ రెండుసార్లు బాగా జరిగింది. మూడోసారి టేక్. ఇంజను కేక మొదట బాగానే వినిపించింది. సగం ఎత్తుకు వచ్చేసరికి ఆవాల చప్పుడు వినిపించింది, ఈసారి ఒక్క క్షణంలో ఆగలేదు. రేకు డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు పెరిగి, ఒక్కసారి ధన్‌మని మోగి ఆగిపోయింది. బానెట్ కింది నుంచి తెల్లటి ఆవిరి, వెంట నల్లటి పొగ. ముందు చక్రం కింద నూనె పడి ఉంటుంది, కారు పక్కకు జారి, రోడ్డు అంచు దాటి ఒక బండకు అడ్డంగా కొట్టుకుంది.

ఫైటరు కుడి తొడ ఎముక విరిగింది. డాష్‌బోర్డు ముందుకు వంగి కాలు ఇరుక్కుపోయింది. తలుపు వంచి తీయడానికి చాలాసేపు పట్టింది. నాకు గుర్తున్నది అతని అరుపు కాదు, అతను అరవలేదు. పళ్లు బిగించి, తలుపు లాగుతున్న వాళ్లకు ఎటువైపు లాగాలో చెబుతున్నాడు. మా ఆయన అతని తల కింద తన చెయ్యి పెట్టి కూర్చున్నాడు. నేను చేతిసంచిలో మంచినీళ్ల సీసా ఉందని కూడా మర్చిపోయి నిలబడ్డాను.

రెండు రోజుల తరవాత ఆసుపత్రికి వెళ్లాను. కాలికి బరువు కట్టి పైకి వేలాడదీశారు. పళ్లు తీసుకెళ్లి పక్కన పెట్టాను. ఏం మాట్లాడాలో తెలియక, పాత మెకానిక్ మోసం మీకు తెలుసా అని అడిగాను. ఆ సమయంలో అడగాల్సిన ప్రశ్న కాదు, కానీ నేను అలాంటి మనిషిని.

"తెలియకేం మేడం. కేజీ ఉంటే తొక్కగానే సీటు వీపును నెడుతుంది. పాదానికి తెలిసిపోతుంది" అన్నాడు. ఆగి మళ్లీ అన్నాడు. "ఉస్తాద్ మొదటి రోజే చెప్పాడు నాకు. నీ ప్రాణం నా ఇంజను మీదుంది, దాన్ని నేను పాడు చెయ్యను అని. షాటుకు అదే చాలు, ఆ ఒత్తిడి మీదే రెండు షాట్లు తీశాం కూడా."

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. మీరు ప్రొడ్యూసర్ గారి మనిషి కదా మేడం అన్నాడు. ఆ మాటలో కోపమేం లేదు.

అక్కడి నుంచి నేరుగా ఉస్తాద్ షెడ్డుకు వెళ్లాను. ముందంతా రోజూ ఏడెనిమిది బళ్లు నిలబడే చోట రెండే ఉన్నాయి. నన్ను చూసి స్టూలు జరిపి, కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. నేను తాగుతున్నంతసేపూ ఒక కార్బురేటరు విప్పుతూనే ఉన్నాడు. ఎందుకు చేశారని అడిగాను.

"మూడుసార్లు చెప్పిన అమ్మా. గీడి పెట్రోల్ గా బండికి సరిపోదు, ఎండల పైకెక్కితే ఇంజన్ పగుల్తదని చెప్పిన. నువ్వు చేస్తవా, ఇంకొకన్ని పిలువాల్నా అన్నరు. ఇంకొకడొస్తే ఏం జేస్తడో నాకెర్కనే. గందుకే ముల్లు ఆళ్లకిచ్చిన. ఇంజన్ నా తాన పెట్టుకున్న."

"నాకైనా చెప్పి ఉండాల్సింది" అన్నాను.

"చెప్పనిస్తిరా?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను. ఆయన తల ఎత్తకుండానే, ఫైటరు ఎట్లున్నడని అడిగాడు. ఎముక అతకడానికి నెలలు పడుతుందని డాక్టర్లు చెప్పినది చెప్పాను. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, కాసేపు రోడ్డు వైపు చూశాడు. నేను నంబరు సరిపోయిన సంగతి రాసి ఇస్తానని, దొంగతనం జరగలేదని అందరికీ చెబుతానని అన్నాను. మీ ఇష్టం అన్నాడు.

లేచి వస్తుంటే బల్ల మీద ఒక టాక్సీ మీటరు అద్దం విప్పి కనిపించింది. లోపలి చక్రాలు బయటికి తీసి వరసగా పేర్చి ఉన్నాయి. అది నిజంగా చెడిపోయి బాగుకు వచ్చిందో, ఇంకేమైనా చేయించడానికి వచ్చిందో నాకు తెలియదు. నా చూపు దాని మీద ఆగడం ఆయన చూశాడు. గదేం లేదమ్మా, రిపేరే అన్నాడు. నమ్మాలనుకున్నాను. ఆయన చెప్పిన మిగతాదంతా నిజమని నాకు తెలుసు, ఫైటరు మాట, పగిలిన ఇంజను రెండూ సాక్ష్యం. అయినా ముల్లును అంత నేర్పుగా మార్చగలిగిన మనిషి అదొక్కసారే మార్చాడా అన్న పురుగు లోపల తొలుస్తూనే ఉంది. ఒక మనిషికి చేసిన అన్యాయానికి సిగ్గుపడుతూ కూడా అతన్ని అనుమానించవచ్చని ఆ రోజే నాకు తెలిసింది.

ఇంటికి వచ్చి మా ఆయన్ని అడిగాను. ముల్లు సంగతి మీకు ముందే తెలుసా అని. ఆయన చెప్పాడు. పెయింటరు బల్ల మీద ఆ అంకెల పలక చూశాడట. పక్కనే పాత పలక కూడా ఉందట. అంకెలు ఒకే చోట లేవని గమనించాడట. ఉస్తాద్‌ని అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. షాట్లు బాగా వస్తున్నాయి, బండి బాగా నడుస్తోంది, నాకెందుకు అనుకున్నాడు.

"నీతో చూసీ చూడనట్టు చూడమన్నది అందుకే" అన్నాడు.

"అప్పుడే విషయం చెప్పి ఉంటే నేను రాసేదాన్ని కాదు కదా."

"రాసేదానివే" అన్నాడు. "ఉస్తాద్‌తో నాకూ వాటా ఉందని కూడా రాసేదానివి."

అది నిజమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఆ తరవాత ముప్పై ఏళ్లు కలిసి బతికాం, పోట్లాడుకున్నాం, సర్దుకున్నాం. ఆ ఒక్క మాట దగ్గరికి మాత్రం ఇద్దరం మళ్లీ వెళ్లలేదు.

మర్నాడే నిర్మాతకు ఇంకో కాగితం రాసిచ్చాను. టర్బో అసలుదేనని, పాత మెకానిక్ ఒత్తిడిని తక్కువ పెట్టడానికి సరైన కారణం ఉందని, ఒక కేజీ దగ్గర చప్పుడు వచ్చినా నేను హెచ్చరించలేదని. ఆయన చదివి సొరుగులో పెట్టుకున్నారు. అయిపోయిందేదో అయిపోయిందమ్మా అన్నారు. ఛేజింగు మామూలు అంబాసిడర్లతో, జీపులతో పూర్తి చేశారు. ఫైటరు ఆసుపత్రి ఖర్చు సంస్థే భరించింది. నేను కోరినా కోరకపోయినా అది జరిగేదే, మా ఆయన ముందే మాట తీసుకున్నాడు. ఉస్తాద్‌కు ఆ సంస్థ మళ్లీ పని ఇవ్వలేదు. నేను తెలిసిన నాలుగైదు ఆఫీసులకు వెళ్లి జరిగింది చెప్పాను. ఇద్దరు విన్నారు. ఒకాయన మాత్రం, దొంగ కాడు సరే, గేజీ మార్చడం నిజమే కదండీ అన్నాడు. ఏమని కాదనను?

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం ఏదో పని మీద ఫిల్మ్ నగర్ వెళ్లాను. స్టూడియో గేటు ముందు పూలతో అలంకరించిన అంబాసిడరు ఒకటి నిలబడి ఉంది, పెళ్లి ఊరేగింపు సీనట. డ్రైవరు సీట్లో ఫైటరు కనిపించాడు. చేతికర్ర పక్క సీటు మీద ఆనించి ఉంది. నన్ను చూసి తల వంచి నమస్కారం పెట్టాడు. ఎలా ఉన్నారని అడిగాను.

"నిలబడటానికి కొంచెం కష్టం మేడం. కూర్చుని నడపడానికి ఇబ్బంది లేదు" అన్నాడు.

అసిస్టెంటు డైరెక్టరు చెయ్యి ఊపాడు. బాజా మొదలైంది. అతను గేరు వేసి, బాజా వాళ్ల అడుగులకు సరిపోయేటంత నెమ్మదిగా కారు కదిలించాడు. బండి మలుపు తిరిగేదాకా ఎండలో నిలబడి చూశాను.